ఫ్రేమ్ విప్పకుండా ధర అడగొద్దు

నా దగ్గరున్న జపాన్ చెక్క అచ్చు బొమ్మల గురించి పోయిన నెల ఈ పేజీలో రాశాను. ఉత్తరాలూ వాట్సాప్ మెసేజ్‌లూ కలిపి బాగానే వచ్చాయి. సగానికి పైగా ఫోన్లో తీసిన ఫొటోలు, కింద 'ఎంత పలుకుతుందండీ?' అనే ఒక్క ముక్క. నేను నారాయణగూడలో ఓ ఆఫ్‌సెట్ ప్రెస్సులో ముప్పై నాలుగేళ్లు పని చేసి రిటైరైన మనిషిని. నాకు బొమ్మ కంటే ముందు కాగితం కనిపిస్తుంది, ఫొటోలో అదే కనిపించదు. అందుకని ధరల సంగతి వదిలేసి, మిగతావాటిలో కొన్నిటికి జవాబులు.

ప్రశ్న: మా మావయ్యగారు 1970లో ఒసాకా ఎక్స్‌పోకి వెళ్లినప్పుడు తెచ్చిన బొమ్మ అప్పట్నుంచీ మా హాల్లోనే ఉంది. రాత్రిపూట మంచులో మునిగిన ఊరు, గొడుగు చాటున ఒకరు, వీపులు వంచుకుని ఇద్దరు నడుస్తుంటారు. మా ఆడపడుచు కొడుకు నెట్‌లో చూసి ఇది హిరోషిగే బొమ్మ, లక్షలు చేస్తుంది అన్నాడు. అసలే ఆస్తి పంపకాలు నడుస్తున్నాయి, ఇప్పుడు ఇదో టెన్షన్. ఎలా తేల్చుకోవాలి?
— ఒక పాఠకురాలు, విద్యానగర్

జవాబు: అమ్మా, ఆ కుర్రాడు చెప్పిందాంట్లో సగం నిజం. బొమ్మ హిరోషిగే అనే జపాన్ చిత్రకారుడిదే. ఎదో నగరం, అంటే ఇప్పటి టోక్యో, అక్కణ్ణుంచి క్యోటో దాకా సముద్రం వెంట ఒక దారి ఉండేది, తొకైదో అని. దాని మీద 53 మజిలీలు. బయల్దేరే చోటూ చేరే చోటూ కలుపుకుని హిరోషిగే 55 బొమ్మలు వేశాడు, 1833-34 ప్రాంతంలో. మీ గోడ మీదున్నది కంబరా అనే మజిలీ. తమాషా ఏంటంటే కంబరా వెచ్చగా ఉండే తీరప్రాంతం, అంత మంచు అక్కడ పడదు. ఆయన ఊహించి కురిపించాడు.

ఇక రెండో సగం. బొమ్మ హిరోషిగేది కావడం వేరు, మీ ఇంట్లో ఉన్న కాగితం హిరోషిగే కాలం నాటిది కావడం వేరు. ఈ బొమ్మకి ఉన్న గిరాకీ చూసి తర్వాతి తరాలవాళ్లు కొత్త బ్లాకులు చెక్కి మళ్లీ మళ్లీ అచ్చేశారు. అదే పాత పద్ధతిలో, చేత్తోనే. టోక్యోలో ఇప్పటికీ వేస్తున్నారు. ఆ తర్వాత మా ఆఫ్‌సెట్‌వాళ్లం దిగాం, క్యాలెండర్లూ పోస్టర్లూ. కాబట్టి మీది మూడింట్లో ఏదో ఒకటి: పాతది, చేత్తో వేసిన రీప్రింటు, లేదా మిషన్ సరుకు.

ఫ్రేమ్ దించండి. మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి దాని మీద బోర్లా పెట్టి, వెనకున్న మేకులు పట్టకారుతో మెల్లిగా తీయండి. కాగితం అద్దానికి అతుక్కుని ఉంటే లాగొద్దు, అక్కడితో ఆపేయండి. ఊడి వస్తే బంగారం షాపువాళ్లు కంటికి పెట్టుకునే చిన్న భూతద్దం ఉంటుంది చూడండి, అలాంటిది తెచ్చి ఆకాశం బూడిద రంగు మీద పెట్టండి. చిన్న చిన్న చుక్కలు పువ్వుల్లాగా గుంపులుగా కనిపిస్తే కథ అయిపోయింది, అది ఆఫ్‌సెట్. చెక్క అచ్చులో చుక్కలుండవు. రంగు ఒకే పొరలా పడి ఉంటుంది, గీత అంచున కొంచెం చిక్కబడుతుంది, అదృష్టం బావుంటే చెక్క నార కూడా తెలుస్తుంది.

ఇది నేను పుస్తకాల్లో చదివి చెప్పడం లేదు. 1996లో ఒక పాత సామాన్ల షాపులో మూడు వేలు పోసి 'హొకుసాయ్ ఒరిజినల్' కొన్నాను. హొకుసాయ్ అంటే జపాన్ చిత్రకారుల్లో మరో పెద్ద పేరు. అప్పట్లో నా జీతంలో అది పెద్ద ముక్కే. అద్దం వెనకుంది, ఫ్రేమ్ బరువుగా, నల్లగా బ్రహ్మాండంగా ఉంది, షాపాయన నవాబుగారింట్లోంచి వచ్చిందన్నాడు. జేబులో భూతద్దం పెట్టుకుని తిరిగేవాణ్ణి, తీసి చూస్తే ఆయన ఏమనుకుంటాడో అని మొహమాటపడ్డాను. రెండు నెలల తర్వాత అద్దం లోపల పురుగు కనిపించి విప్పితే, వెనక వైపు ఏదో కంపెనీ అడ్రసు సగం, కింద వచ్చే ఏడాది సెలవుల జాబితా. మా ఆవిడ చూసి, 'మీరు రోజూ ప్రెస్సులో అచ్చేసేదాన్నే డబ్బులిచ్చి కొనుక్కొచ్చారా?' అంది. ఆ ఫ్రేమ్ ఇంకా ఉంది, అందులో ఇప్పుడు తిరుపతి వెంకన్న ఉన్నాడు.

చుక్కలు లేకపోతే కాగితం తిప్పండి. అసలు సాక్ష్యం అంతా వీపు మీదే ఉంటుంది. చేత్తో వేసినదైతే రంగు వెనక్కి దిగి నీడలా కనిపిస్తుంది. వెలుతురు పక్కనుంచి పడేలా పట్టుకుంటే గుండ్రంగా రుద్దిన గీతలు తెలుస్తాయి. కొలత కూడా చూడండి. ఈ వరసకి వాడిన 'ఓబాన్' కాగితం అటూఇటుగా 26 సెంటీమీటర్లు, 38 సెంటీమీటర్లు. మీది బల్లంత ఉంటే ఇంకేం చూడక్కర్లేదు.

బొమ్మ మీద ముద్రలు ఉన్నాయని మాత్రం మురిసిపోవద్దు. రీప్రింటు వేసేవాళ్లు ముద్రల్ని కూడా చెక్కుతారు. పైగా తెల్లటి అంచులో విడిగా జపాన్ అక్షరాల వరస ఒకటి ఉంటే, అందులో చెక్కినవాడి పేరూ అచ్చేసినవాడి పేరూ ఉంటాయి. అలా ఉన్నవి చాలావరకు ఈ కాలపు రీప్రింట్లే.

నా అంచనా అడిగితే, 1970లో ఎక్స్‌పోకి వెళ్లినాయన తెచ్చినది చేత్తో వేసిన రీప్రింటే అయ్యుంటుంది. వేలల్లో ఉంటుంది, లక్షల్లో కాదు. పంపకాల కాగితంలో దాని పక్కన సున్నాలు పెట్టకండి.

ప్రశ్న: మాది పెడన. మా తాతగారు కలంకారీ అచ్చులు చెక్కేవారు. మీ వ్యాసం చదివాక, ఇదంతా మనవాళ్లు చేసేదే కదా అనిపించింది. మరి వాళ్లకొచ్చిన పేరు మనకెందుకు రాలేదు?
— ఒక పాఠకుడు, ఎల్బీనగర్

జవాబు: బాబూ, ఈ నెల వచ్చినవాట్లో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇదే. పెడనలో ఎలా చేస్తారో మీకు చెప్పక్కర్లేదు. బల్ల మీద బట్ట పరిచి, టేకు అచ్చుని రంగులో అద్ది, పైనుంచి పెట్టి చేత్తో గుద్దుతారు. అచ్చు కదులుతుంది, బట్ట కదలదు. జపాన్‌లో ఇది తలకిందులు. బ్లాకు కింద ఉంటుంది, చెక్కిన ముఖం పైకి. బ్రష్షుతో రంగు పూసి, చెమ్మగా ఉన్న కాగితాన్ని దాని మీద పరుస్తారు. తర్వాత కాగితం వీపు మీద 'బారెన్' అనే బిళ్లతో రుద్దుతారు. అరచేతంత బిళ్ల అది, వెదురు పొర చుట్టి ఉంటుంది. విద్యానగర్ అమ్మగారికి వెనక చూడమని చెప్పిన గుండ్రటి గీతలు ఈ బిళ్లవే.

చెక్క కొండ చెర్రీది. గట్టిది, సన్నటి గీతకి కూడా నిలబడుతుంది. చిత్రకారుడు పల్చటి కాగితం మీద గీసిచ్చిన బొమ్మని చెక్క మీద బోర్లా అంటించి, గీతలు మిగిలేలా చుట్టూ చెక్కేస్తారు. అంటే ఆయన చేత్తో గీసిన బొమ్మ ఆ చెక్కుడులోనే పోతుంది. మిగిలేది అచ్చే. ఆ నల్ల గీతల అచ్చు మీద రంగులు ఎక్కడెక్కడో గుర్తులు పెట్టుకుని, రంగుకో బ్లాకు చెక్కుతారు. పూర్తి రంగుల బొమ్మలు 1765లో హరునోబు అనే చిత్రకారుడితో ఊపందుకున్నాయి. వాటిని 'నిషికి-ఎ' అన్నారు, జరీ నేత లాంటి బొమ్మలని.

ఇక్కడ నా వృత్తి మాట ఒకటి. ప్రెస్సులో నాలుగు రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోడానికి మేం పడే పాట్లు మామూలువి కావు. వెంట్రుకవాసి జరిగితే బొమ్మలో మనిషికి రెండు పెదాలు. మిషన్ ఆపి, మళ్లీ సరిచేసి, ఆ లోపు వందల షీట్లు చిత్తుకాగితాల్లోకి. జపాన్‌వాళ్లు పది, పదిహేను బ్లాకుల్ని రెండు గంట్లతో కలిపేవారు. ప్రతి బ్లాకు ఒక మూల ఎల్ ఆకారంలో గాడి, ఆ పక్క అంచున అడ్డంగా మరో గాడి. కాగితం మూల ఇందులో, అంచు అందులో ఆనిస్తే చాలు. దీన్ని 'కెంతో' అంటారు. మొదటిసారి దాని గురించి తెలిసినప్పుడు నాకు కొంచెం సిగ్గేసింది.

పేరు విషయానికి వస్తే, వాళ్లలో కూడా అందరికీ రాలేదు. ఒక బొమ్మ వెనక నలుగురుంటారు. గీసేవాడు, చెక్కేవాడు, అచ్చేసేవాడు, డబ్బు పెట్టి ఏది అమ్ముడుపోతుందో చెప్పే ప్రచురణకర్త. 'గ్రేట్ వేవ్' అనే ఆ పెద్ద కెరటం బొమ్మ అనగానే హొకుసాయ్ అంటాం. ఆయన కుర్రతనంలో చెక్కుడు పని నేర్చినవాడే గానీ ఆ బొమ్మకి బ్లాకులు చెక్కింది వేరేవాళ్లు. ఆ నురుగు వేళ్లని ఉలితో తీసిన మనిషి ఎవరో ఇవాళ చెప్పగలిగేవాళ్లు లేరు. మీ తాతగారిదీ ఆయనదీ ఒకే దారి.

ఇంకో సంగతి. మచిలీపట్నం తీరం నుంచి అద్దకం బట్టలు డచ్చివాళ్ల ఓడల్లో నాగసాకి దాకా వెళ్లాయి. జపాన్‌లో వాటిని 'సరస' అనేవారు. చిన్న ముక్క దొరికినా పారేయకుండా టీ సామాను పెట్టుకునే సంచులు కుట్టుకునేవారు. మనకి గుర్తులేదు గానీ వాళ్లు దాచుకున్నారు.

ప్రశ్న: సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పాతిక వేలు పక్కన పెట్టాను. ఒరిజినల్ 'గ్రేట్ వేవ్' ఏదైనా ఆన్‌లైన్ వేలంలో దొరుకుతుందా? లేకపోతే దేంతో మొదలుపెట్టాలి?
— ఒక పాఠకుడు, కొండాపూర్

జవాబు: 2023 మార్చిలో న్యూయార్క్ వేలంలో ఒక కెరటం 27 లక్షల డాలర్లు దాటి పోయింది. 1831 ప్రాంతంలో అది అచ్చయినప్పుడు ఒకటి రెండు గిన్నెల నూడిల్స్ ధరకి వీధిలో అమ్మిన సరుకు. ఆలస్యంగా పుట్టాం, ఏం చేస్తాం.

కానీ మీ పాతిక వేలకి నిజంగా పాత బొమ్మ వస్తుంది. కునిసాద అని ఒకాయన ఉన్నాడు, 1786లో పుట్టి 1865లో పోయాడు. కబుకి నాటకాల నటుల్ని వేల కొద్దీ వేశాడు. ఆ రోజుల్లో హిరోషిగే కంటే, హొకుసాయ్ కంటే ఆయనకే గిరాకీ. అన్ని వేశాడు కాబట్టి ఇప్పుడు చవక. కొంచెం అంచులు కత్తిరించినవీ, నడుమ మడత ఉన్నవీ, మూడు షీట్ల బొమ్మలోంచి విడిపోయిన ఒంటి షీట్లూ వంద, రెండొందల డాలర్లకి దొరుకుతాయి. మా రోజుల్లో ఏఎన్నార్, ఎన్టీఆర్ ఫొటోలు అమ్మినట్టే అవి అమ్మేవారు. నటుడు ఎవరో తెలియకపోయినా ఆ కోపపు కళ్లు చూస్తే మన స్టేజీ మీద దుర్యోధనుడు గుర్తొస్తాడు.

కునిసాదతో మొదలుపెట్టడంలో ఇంకో సుఖం ఉంది, తేదీ తెలుస్తుంది. అప్పట్లో ఏది అచ్చేయాలన్నా సెన్సారు చూసి ముద్ర వేయాలి. 1852 మొదట్లోంచి దాంతోపాటు ఏడాదీ నెలా చెప్పే ముద్ర కూడా కొట్టారు. ఏడాది అంకెల్లో ఉండదు, జంతువు పేరుతో ఉంటుంది. ఎలుక 1852, ఎద్దు 1853, పులి 1854, కుందేలు 1855, డ్రాగన్ 1856, ఇలా. మన ప్రభవ, విభవల్లాగే వాళ్లకీ అరవై ఏళ్ల చక్రం ఉంది. అందులో పన్నెండు జంతువులు ఐదుసార్లు తిరుగుతాయి. నా దగ్గరున్న ఒక నటుడి బొమ్మకి డ్రాగన్ ఏడాది, నాలుగో నెల ముద్ర ఉంది. పంచాంగం లెక్క వేసుకుంటే మనకి నల నామ సంవత్సరం. ఇక్కడ సిపాయిల తిరుగుబాటుకి ముందు ఏడాది ఎదోలో ఎవరో వేసవికాలంలో కూర్చుని ఆ కాగితాన్ని రుద్దారు. ఆ రుద్దుడు గీత మీద వేలు పెట్టి చూస్తుంటాను. పెట్టకూడదు, మీరు పెట్టకండి.

కొనేముందు వెనక వైపు ఫొటో అడగండి. పంపనంటే ఇంకొకర్ని చూసుకోండి. అట్టకి అంటించినవి వద్దు, వెనక్కి తిప్పే వీల్లేకపోతే సగం చదువు పోయినట్టే. బయటి దేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ డ్యూటీ, జీఎస్టీ, కొరియర్ వాడి ఖర్చులు విడిగా పడతాయి. పాతిక వేలూ బొమ్మకే పెట్టేయకుండా కొంత చేతిలో ఉంచుకోండి. ఇన్వాయిస్ మీద బొమ్మ కాలం రాయించుకోండి.

బడ్జెట్ పెరిగాక యోషిదా హిరోషి వైపు చూడండి. ఆయన మరీ పాత కాలంవాడు కాదు, 1950లో పోయాడు. 1930-31 చలికాలంలో మన దేశం తిరిగి వెళ్లి తాజ్‌మహల్, కాశీ, ఉదయపూర్ బొమ్మలు చేశాడు. అజంతా, ఎల్లోరా కూడా వేశాడు. ఆ రెండూ అప్పుడు మన నిజాం రాజ్యంలోవే కాబట్టి హైదరాబాదువాడిగా నాకు వాటి మీద కొంచెం హక్కున్నట్టు అనిపిస్తుంది. ఎడమ అంచున 'జిజురి' ముద్ర, కింద పెన్సిల్ సంతకం ఉంటే ఆయన దగ్గరుండి అచ్చేయించినదని గుర్తు. సంతకం పెన్సిల్‌ది కాకుండా అచ్చులో ఉంటే ఆయన పోయాక వేసినది, ధర బాగా తగ్గాలి.

ప్రశ్న: ఇవి కొనడం మంచి ఇన్వెస్ట్‌మెంటేనా?
— పేరు రాయలేదు, అమీర్‌పేట

జవాబు: కాదు. బంగారం కొనుక్కోండి.

ప్రశ్న: మా అబ్బాయి జపాన్ నుంచి 1880ల నాటి బొమ్మ తెచ్చిచ్చాడు. ఎర్రటి, ఊదా రంగు బట్టల్లో ఒక ఆవిడ. మాది పడమర ముఖం ఇల్లు, హాల్లో వెలుతురు బాగా వస్తుంది, అక్కడే పెట్టాం. ఇంకేమైనా జాగ్రత్తలు ఉన్నాయా?
— ఒక పాఠకురాలు, సఫిల్‌గూడ

జవాబు: ఉంది. ఈ పేజీ చదవడం ఆపి, ముందు దాన్ని అక్కణ్ణుంచి తీసేయండి.

ఇప్పుడు కూర్చోండి, చెప్తాను. 1860ల తర్వాత యూరప్ నుంచి రసాయన రంగులు జపాన్‌కి వచ్చాయి. ఆ గట్టి ఎరుపూ ఊదా వాటివే. ఆ ఊదా ఎండకి అసలు నిలవదు. అంతకు ముందు పాత రంగులు కూడా తక్కువేం కాదు. కుసుమ పువ్వు ఎరుపు వెలిసిపోతుంది, ఒక రకం గడ్డిపువ్వు నుంచి తీసిన నీలం గోధుమ రంగుకి తిరుగుతుంది. హొకుసాయ్ కెరటంలో నీలం ఇప్పటికీ అలా ఉందంటే అది బెర్లిన్‌లో పుట్టిన ప్రష్యన్ బ్లూ కావడం వల్ల.

మా ఇంట్లో కిటికీకి ఎదురుగా రెండు వేసవులు ఉంచిన బొమ్మ ఒకటి ఉంది. ఫ్రేమ్ విప్పితే, మౌంట్ కింద దాక్కున్న సన్నటి అంచు మాత్రం వంకాయ రంగులో ఉంది. మిగతా చీరంతా కడిగిన గచ్చు రంగు. ఆ అంచు ఇంకా దాచాను, ఎవరైనా 'ఏం కాదులెండి' అంటే చూపించడానికి. మ్యూజియాల్లో ఇలాంటివాటి మీద 50 లక్స్‌కి మించి వెలుతురు పడనివ్వరు, అది కూడా కొన్నాళ్లే. మన పడమటి హాల్లో ఏప్రిల్ సాయంత్రం దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. నడవాలోనో, కిటికీ లేని గోడ మీదో పెట్టండి. మూడు నెలలు పెట్టి, తొమ్మిది నెలలు బీరువాలో పడుకోబెట్టండి.

ఫ్రేమ్ కట్టేవాళ్లకి ఇచ్చేటప్పుడు దగ్గరుండండి. ఒకసారి నేను టీ తాగి వచ్చేలోపు ఓ కుర్రాడు తెల్ల గమ్ము నాలుగు మూలలా పెట్టి స్ట్రాబోర్డుకి అంటించేశాడు. నీట్‌గా వచ్చింది సార్ అన్నాడు కూడా. ఆ అట్టలో ఆమ్లం కాగితాన్ని బిస్కెట్ రంగుకి తిప్పేస్తుంది. ఆమ్లం లేని బోర్డు అని అడిగి తీసుకోండి. కాగితాన్ని పై అంచున రెండు చోట్ల మాత్రమే సన్నటి జపాన్ కాగితం పట్టీలతో, గోధుమ గంజితో వేలాడదీయాలి. సెల్లో టేపు పేరు ఎత్తొద్దు. అద్దం కాగితానికి తగలకూడదు. వానాకాలంలో సిల్వర్ ఫిష్ పురుగు గంజి కోసం వస్తుంది, నెలకోసారి తీసి చూడండి. కలరా ఉండలు పెట్టెలో ఒక మూలన మాత్రమే, అదీ గుడ్డలో కట్టి. కాగితానికి ఆనించకండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఇవి చూడ్డానికి ఏదైనా చోటుందా?
— ఒక విద్యార్థిని, కోఠి

జవాబు: మీకు దగ్గర్లోనే సాలార్‌జంగ్ మ్యూజియం ఉంది కదా. అందరూ గడియారం గంటలు కొట్టడం చూసి, ముసుగు రెబెక్కాని చూసి వెళ్లిపోతారు. తూర్పు దేశాల విభాగంలోకి వెళ్లండి, జపాన్ పింగాణీ, కత్తులు ఉన్నాయి. ఆ పింగాణీ మీద పువ్వుల్నీ ఖాళీ జాగాల్నీ ఎలా పరిచారో ఒక పూట చూస్తే, కాగితం మీద బొమ్మని చూసే కన్ను వస్తుంది. శుక్రవారం సెలవు. ప్రింట్ల కోసమైతే 'ఉకియో-ఎ డాట్ ఆర్గ్' అని ఒక సైట్ ఉంది. మీ దగ్గరున్న ఫొటో అందులో పెడితే అదే బొమ్మ ఏ ఏ మ్యూజియాల్లో ఉందో వరసగా చూపిస్తుంది. పక్కపక్కన పెట్టి గీతలు పోల్చండి. బ్లాకు అరిగేకొద్దీ గీతల్లో విరుపులు వస్తాయి, ఏది ముందు వేసిందో ఏది తర్వాతదో అలాగే పట్టుకుంటారు. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టకపోతే ఇదే పని.

ప్రశ్న: నా దగ్గరున్న నాలుగు పాత ప్రింట్లు డాలస్‌లో ఉన్న మా అమ్మాయికి ఇవ్వాలనుకుంటున్నా. సూట్‌కేసులో పెట్టి పంపొచ్చా?
— ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: తొందరపడకండి. వందేళ్లు దాటిన కళావస్తువుల్ని దేశం దాటించాలంటే 1972 నాటి పురావస్తు చట్టం అడ్డొస్తుంది. జపాన్‌దే కదా అని ఎయిర్‌పోర్టులో వాదిస్తే విమానం పోతుంది. ముందే పురావస్తు శాఖవాళ్లని కలిసి కాగితం తీసుకోండి. కొన్నప్పటి బిల్లులు, కస్టమ్స్ రసీదులు ఉంటే పట్టుకెళ్లండి. లేవంటారేమో, చాలామందికి ఉండవు. అందుకే పైన కొండాపూర్ కుర్రాడికి ఇన్వాయిస్ గురించి అంతగా చెప్పాను.

ప్రశ్న: ఫొటో పంపాం, ధర చెప్పలేదు.
— పధ్నాలుగు మంది

జవాబు: ముందు వైపు పంపారు. వెనక వైపు పంపండి. ఫ్రేమ్ లేకుండా, పక్కనుంచి వెలుతురు పడేలా, పక్కన ఒక స్కేలు పెట్టి. ఫ్లాష్ వేయొద్దు.